ప్లే స్కూల్, నర్సరీ ఫీజు ఐటీ లెక్కలో ఎంత చూపొచ్చు? డే కేర్‌కు ఏమన్నా ఉందా?

దేవరకొండ_టీచర్
2025-26 లెక్కకు కొంచెం స్పష్టత కావాలె. పాప నల్లగొండలో ప్రైవేట్ ప్లే స్కూల్‌లో నర్సరీ. రసీదు మొత్తం 52,000. అందులో ట్యూషన్ ఫీజు 30,000, అడ్మిషన్ 5,000, యాక్టివిటీ 4,000, పుస్తకాలు-యూనిఫాం కిట్ 6,500, వ్యాన్ 6,500. ఇదిగాక మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు దాకా అక్కడే డే కేర్. దానికి నెలకు 2,500, చీటీ వేరే ఇస్తరు. ఆఫీసులనేమో "80సీ (పొదుపు, ఫీజులను ఆదాయంల నుంచి తీసేసే సెక్షన్) ఒకటో తరగతి నుంచే, నర్సరీకి లేదు" అంటున్రు. నిజమేనా? డే కేర్ డబ్బు చూపొచ్చా? సీపీఎస్ (జీతంల నుంచి చందా కోసే పెన్షన్ పథకం) ఉద్యోగం, పాత పన్ను విధానం.

పిల్లలమర్రి_ఆడిటర్
ఒకటో తరగతి నుంచే అనడం తప్పు మేడం. సెక్షన్ 80సీలో తరగతి ప్రస్తావనే లేదు. భారతదేశంలో ఉన్న యూనివర్సిటీ, కాలేజీ, స్కూలు లేదా ఇతర విద్యాసంస్థలో పిల్లల పూర్తికాల చదువు కోసం కట్టిన ట్యూషన్ ఫీజు అని మాత్రమే ఉంది. జీతాల టీడీఎస్ (జీతంలోంచే కోసే పన్ను) మీద సీబీడీటీ (ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు) ఇచ్చే సర్క్యులర్లలో ఇంకో అడుగు ముందుకేసి, ప్లే స్కూల్ కార్యక్రమాలు, ప్రీ నర్సరీ, నర్సరీ తరగతులు కూడా పూర్తికాల చదువే అని రాశారు. ఆ పేరా ప్రింటు తీసి డీడీఓ (జీతాల బిల్లు చేసే అధికారి) గారికి ఇవ్వండి. నోటితో వాదిస్తే తేలదు, కాగితం చూపిస్తే అయిపోతుంది.

ఇక మీ రసీదు. ట్యూషన్ ఫీజు 30,000 నిక్షేపంగా చూపొచ్చు. వ్యాన్, కిట్ రావు. డెవలప్‌మెంట్ ఫీజు, డొనేషన్, క్యాపిటేషన్ లాంటివి ఏ పేరుతో తీసుకున్నా రావని చట్టంలోనే ఉంది. అడ్మిషన్ 5,000 దగ్గరే గొడవ. "చేర్చేటప్పుడు కట్టినా, తర్వాత కట్టినా" అని సెక్షన్‌లో ఉన్న మాట ట్యూషన్ ఫీజు గురించి, అడ్మిషన్ ఫీజు గురించి కాదు. దాన్ని వదిలేయమనే నేను చెప్తాను. యాక్టివిటీ 4,000 సంగతి స్కూలు వాళ్లు దాన్ని దేనికి తీసుకున్నారనే దాని మీద ఉంటుంది. రోజువారీ తరగతిలో భాగమైతే అది ట్యూషన్ ఫీజులోనే కలిపి రాయాల్సింది. వార్షికోత్సవానికో పిక్నిక్‌కో అయితే రాదు.

డే కేర్‌కు 80సీ లేదు. అది చదువు కాదు, సంరక్షణ. ఆయా జీతానికీ లేదు, ఇంట్లో పిల్లను చూసుకునే మనిషికిచ్చే డబ్బుకూ లేదు. పిల్లల సంరక్షణ ఖర్చుకంటూ మన ఆదాయపు పన్ను చట్టంలో విడిగా మినహాయింపు ఏదీ లేదు. తల్లి ఉద్యోగానికి వెళ్లాలంటే ఆ ఖర్చు తప్పదు, అయినా చట్టం దాన్ని గుర్తించలేదు. ఇది పెద్ద లోటని నా గట్టి అభిప్రాయం.

జడ్చర్ల_జంక్షన్
డే కేర్ ఫీజును కూడా ట్యూషన్ ఫీజు కిందనే రాసి ఒకటే రసీదు ఇస్తమంటరు కొన్ని స్కూళ్లల్ల. తీసుకుంటే ఏమైతది?

పిల్లలమర్రి_ఆడిటర్
తీసుకోవద్దు అన్నా. 2025 జులైలో తప్పుడు మినహాయింపుల మీద ఆదాయపు పన్ను శాఖ దేశమంతా తనిఖీలు చేసింది. ఆదాయాన్ని తప్పుగా చూపినట్టు తేలితే, ఆ మేరకు పడే పన్ను మీద 200 శాతం జరిమానా ఉంటుంది. ఇప్పుడు ఐటీఆర్‌లో (ఆదాయపు పన్ను రిటర్న్‌లో) 80సీ అని ఒక్క అంకె వేస్తే చాలదు. ఏ కాగితం, దాని నంబరు, ఎంత సొమ్ము అని వరుసగా నింపాలి. రసీదు నంబరు పడ్డాక అది స్కూలు పుస్తకాలతో సరిపోవాలి కదా.

ఇదివరకే అట్లా చూపించి ఉంటే అప్‌డేటెడ్ రిటర్న్ దారి ఉంది. అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిశాక 12 నెలల లోపు వేస్తే పన్ను, వడ్డీ మీద 25 శాతం అదనం. 24 నెలల లోపు 50, 36 లోపు 60, 48 లోపు 70. నోటీసు రాకముందే సరిచేసుకోవడం మేలు.

మూసీ_కాలువ
అసలు ప్రశ్న ముందే అడగాలె. పాత విధానమే ఎందుకు? కొత్త విధానంల 80సీ లేనే లేదు. 2023-24 నుంచి డిఫాల్ట్ కొత్తదే. ఏం చెప్పకపోతే అండ్లనే లెక్క కడ్తరు, అప్పుడు నర్సరీ రసీదు ఎంతున్నా పనికిరాదు.

2025-26కు కొత్త విధానంల జీతం 12,75,000 దాకా పన్ను సున్నా. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతే 12 లక్షలు, దానికి 87ఏ కింద 60,000 దాకా రిబేటు. అంటే ఆ జీతం లోపల ఉన్నోళ్లకు ఈ చర్చంతా అక్కర్లేదు.

జీతం 14 లక్షలు అనుకోన్రి. కొత్త విధానంల 13,25,000 మీద పన్ను: 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం లెక్కన 20,000. 8 నుంచి 12 దాకా 10 శాతం, 40,000. మిగిలిన 1,25,000 మీద 15 శాతం, 18,750. మొత్తం 78,750. సెస్ 4 శాతం కలిపితే 81,900.

పాత విధానంల గదే 78,750 రావాలంటే పన్ను పడే ఆదాయం 8,31,250కి దిగాలె. అంటే 14 లక్షల నుంచి 5,68,750 తీసెయ్యాలె. స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ నిండుగ 1,50,000 పోయినా ఇంక 3,68,750 చూపాలె. హోంలోన్ వడ్డీ 2 లక్షలు, పెద్ద ఇంటికిరాయి, ఆరోగ్య బీమా గిట్ల అన్నీ ఉంటేనే పాతది గిట్టుబాటు. నర్సరీ ఫీజు 30,000 కోసమని పాత విధానంల కూసుంటే నష్టమే.

దేవరకొండ_టీచర్
హోంలోన్ వడ్డీ 2 లక్షలు ఉంది సార్, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) కూడా ఉంది. రెండూ లెక్కేసినంకనే పాతది ఎంచుకున్నం. కష్టమల్లా 80సీ అప్పటికే నిండిపోవుడు. సీపీఎస్ ఏడాదికి 84,000, టీజీజీఎల్ఐ (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) 36,000, ఎల్ఐసీ 24,000. అన్నీ కలిపి 1,44,000. ఫీజుకు మిగిలింది 6,000.

మూసీ_కాలువ
సీపీఎస్‌ను రెండు ముక్కలు చేయాలె మేడం. 80సీ, 80సీసీడీ(1) (పెన్షన్‌కు మీరు కట్టే చందా) కలిపి 1,50,000 దాటొద్దని పరిమితి. కానీ మీ సొంత చందాల నుంచి 50,000 దాకా 80సీసీడీ(1బీ) కింద చూపొచ్చు, అది ఈ పరిమితికి బయట. 84,000ల 50,000 అక్కడికి జరపున్రి. మిగిలిన 34,000, టీజీజీఎల్ఐ 36,000, ఎల్ఐసీ 24,000, ఫీజు 30,000 కలిపితే 1,24,000. ఫీజంతా పడ్తది, ఇంక 26,000 జాగ ఉంటది.

మీ చందాకే ఇది. ప్రభుత్వం వేసే వాటా 80సీసీడీ(2), దాన్ని ఇండ్ల కలపొద్దు. ఫిబ్రవరి జీతం బిల్లుతోని ఇచ్చే ఐటీ ఫారంల చానామంది సీపీఎస్ మొత్తాన్ని ఒకటే వరుసల రాస్తరు, అక్కడనే 50,000 పోతది.

ఉదయసముద్రం
భార్యాభర్తలిద్దరూ పన్ను కడుతుంటే ఎవరు చూపాలి? రసీదు తండ్రి పేరున ఉంటుంది, డబ్బు తల్లి ఖాతా నుంచి పోతుంది.

పిల్లలమర్రి_ఆడిటర్
కట్టినవాళ్లు చూపాలి. రసీదు మీద తండ్రి పేరు ఉన్నంత మాత్రాన ఆయనకు హక్కు రాదు, డబ్బు ఎవరి ఖాతా నుంచి పోయిందో అదే లెక్క. మొదటి టర్మ్ తండ్రి, రెండో టర్మ్ తల్లి కడితే ఎవరిది వారు చూపుకోవచ్చు. ఒకే రూపాయిని ఇద్దరూ చూపకూడదు. స్కూల్లో "ఫీజు చెల్లించినవారు" అని పేరు రాయించుకోవడం అన్నిటికంటే తేలిక.

ఇద్దరు పిల్లలు అనే పరిమితి ఒక్కో వ్యక్తికి. ముగ్గురుంటే తండ్రి ఇద్దరికి, తల్లి ఒకరికి కట్టి చూపొచ్చు. దత్తత పిల్లలు, సవతి పిల్లలు కూడా ఆ మాట కిందికి వస్తారు. తాతయ్య మనవరాలి ఫీజు కడితే మాత్రం ఎవరికీ రాదు. తాతయ్యకు ఆ పాప బిడ్డ కాదు, తండ్రేమో కట్టలేదు. మన దగ్గర ఇది చాలా ఇళ్లలో జరిగేదే. తాతయ్య ఇవ్వదలుచుకుంటే కొడుకు ఖాతాలో వేయాలి, స్కూలుకు కొడుకు కట్టాలి.

గద్వాల_కోట
నగదు కడితే చెల్లదని విన్నాం.

పిల్లలమర్రి_ఆడిటర్
అది 80డీ, ఆరోగ్య బీమా ప్రీమియం సంగతి. 80సీలో నగదుకు అడ్డు లేదు. అయినా యూపీఐలో కడితే తేదీ, ఖాతా రెండూ తేలిపోతాయి.

వనపర్తి_వాణి
తేదీ అంటే గుర్తొచ్చింది. స్కూలు ఏడాది జూన్‌లో మొదలైతది, పన్ను ఏడాది ఏప్రిల్‌లో. 2026 జూన్‌లో చేరే పిల్లకు మార్చిలోనే "సీటు ఖాయం" అని ఫీజు కట్టించుకుంటరు. అది ఏ ఏడాదికి లెక్క?

మూసీ_కాలువ
కట్టిన తేదీదే లెక్క. మార్చి 31 లోపు స్కూలుకు చేరితే 2025-26, ఏప్రిల్ 1న చేరితే 2026-27. ఏ తరగతికి కట్టిన్రు, ఏ నెల బాకీ అనేది చూడరు. అందుకని ఒక పన్ను ఏడాదిల ఈ తరగతి చివరి టర్మ్, వచ్చే తరగతి మొదటి టర్మ్ రెండూ పడొచ్చు. 80సీ నిండిపోయినోళ్లు మార్చి రసీదును ఏప్రిల్‌కు జరుపుకుంటే లాభం, ఖాళీ ఉన్నోళ్లు మార్చిలనే కట్టుడు మంచిది. ఆలస్య రుసుము వేస్తే అది ట్యూషన్ ఫీజు కాదు, తీసెయ్యాలె.

2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకొచ్చింది, 80సీ జాగల సెక్షన్ 123 ఉంది. 2025-26 ఆదాయానికి మాత్రం ఇప్పుడు వేసే రిటర్న్ కూడా 1961 చట్టం ప్రకారమే. సెక్షన్ నంబర్లు కలగాపులగం చెయ్యొద్దు.

రైల్వే_క్వార్టర్స్
కేంద్ర ఉద్యోగులకు పిల్లల చదువు భత్యం ఉంది. 2024 జనవరి నుంచి ఒక్కో బిడ్డకు నెలకు 2,812.50, అంటే ఏడాదికి 33,750. అది వచ్చాక అదే ఫీజును మళ్లీ 80సీలో చూపితే రెండుసార్లు లాభం పొందినట్టు కాదా?

పిల్లలమర్రి_ఆడిటర్
కాదు, ఎందుకంటే ఆ భత్యం దాదాపు మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది. 2025-26 లెక్కకు సెక్షన్ 10(14) కింద పిల్లల చదువు భత్యానికి మినహాయింపు ఒక్కో బిడ్డకు నెలకు 100 రూపాయలే, అదీ ఇద్దరికే. హాస్టల్‌కు 300. ఏడాదికి 1,200 పోగా 32,550 మీద పన్ను కడుతున్నారు. కాబట్టి మీరు కట్టిన ట్యూషన్ ఫీజును 80సీలో పూర్తిగా చూపొచ్చు. కొత్త విధానంలో ఆ 100 కూడా లేదు, 33,750 మొత్తానికీ పన్నే. నెలకు వంద రూపాయలకు ఏ ప్లే స్కూల్లో చేర్చుకుంటారో ఆ అంకె పెట్టినవాళ్లు ఆలోచించాల్సింది.

జడ్చర్ల_జంక్షన్
కంపెనీ వాళ్లు బయటి క్రెష్ (పసిపిల్లల సంరక్షణ కేంద్రం) ఫీజు తిరిగి ఇస్తమంటే? పోలేపల్లి సెజ్ దిక్కు ఫ్యాక్టరీలల్ల ఆడవాళ్లు చానామంది పనిచేస్తరు, తెలిస్తే అక్కరకొస్తది.

పిల్లలమర్రి_ఆడిటర్
మీరు కట్టాల్సిన క్రెష్ బిల్లును కంపెనీ కడితే అది జీతంలో కలుస్తుంది, పన్ను పడుతుంది. రీయింబర్స్‌మెంట్ అని పేరు పెట్టినా అంతే.

అందుకే డబ్బు బదులు క్రెష్‌నే అడగాలి. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సదుపాయం కల్పించాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది, సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ నిబంధన ఉంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. పన్ను మినహాయింపుతో చేతికి వచ్చేదానికంటే ఈ హక్కు విలువ చాలా ఎక్కువ. అడిగేవాళ్లు లేకనే చాలాచోట్ల కాగితం మీద మిగిలిపోయింది.

సూర్యాపేట_స్కూల్
ప్రైవేట్ స్కూల్ టీచర్ల కోసం ఒక మాట. అదే స్కూల్లో సొంత బిడ్డకు ఉచితంగానో తక్కువ ఫీజుకో చదువు చెప్తే దాని విలువ ఒక్కో బిడ్డకు నెలకు 1,000 దాటనంత వరకు జీతంలో కలపరు. 2025-26కు ఇదే నియమం. ఇంకోటి, ఉచితంగా చదివినదానికి 80సీ లేదు. జేబు నుంచి కట్టిందే చూపాలి.

ఈఎంఐ మీద ఫీజు కట్టించే యాప్‌లు వస్తున్నాయి. వాటి సంగతి ఎవరైనా చెప్పండి.

మూసీ_కాలువ
అప్పు తీసుకొని కట్టినా స్కూలుకు డబ్బు చేరిన ఏడాదిల ట్యూషన్ ఫీజు చూపొచ్చు. 80సీల సొమ్ము ఎక్కడిదని అడగరు. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు రావు. 80ఈ ఉంది కదా అని చానామంది అంటరు, అది ఇంటర్ తర్వాత చదువులకిచ్చే విద్యారుణం వడ్డీకి. ఎల్‌కేజీకి కాదు.

మిర్యాలగూడ_కిడ్స్
నడిపేవాళ్ల వైపు నుంచి అడుగుతున్నా. రసీదు మీద 18 శాతం జీఎస్టీ వేయాలా? తల్లిదండ్రులు రోజూ అడుగుతున్నారు. ప్రీ స్కూల్ ఫీజు ఏడాదికి 16 లక్షలు, డే కేర్ 5 లక్షలు.

పిల్లలమర్రి_ఆడిటర్
ప్రీ స్కూల్ ఫీజు మీద జీఎస్టీ లేదు. ప్రీ స్కూల్ నుంచి హయ్యర్ సెకండరీ దాకా విద్యాసంస్థ విద్యార్థులకు ఇచ్చే సేవ మినహాయింపులో ఉంది. పిల్లల వ్యాను నడిపే కాంట్రాక్టరు, భోజనం పంపే కేటరింగు, స్కూల్లో సెక్యూరిటీ, శుభ్రత చేసేవాళ్లు మీకు వేసే బిల్లు మీద కూడా లేదు. వాళ్లు 18 వేస్తుంటే ఆపించండి.

డే కేర్‌ను విడి ఫీజుతో, వేరే పిల్లలకు కూడా నడుపుతుంటే అది చదువు కిందికి రాదు, 18 శాతం వర్తిస్తుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి మన రాష్ట్రంలో 20 లక్షలు. డే కేర్ 5 లక్షలే కదా అనుకుంటారు. ఆ 20 లక్షల లెక్కలో మినహాయింపు ఉన్న ఫీజు కూడా కలుస్తుంది. 16, 5 కలిపితే 21. రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, పన్ను మాత్రం డే కేర్ మీదే వేయాలి. ప్రీ స్కూల్ ఒక్కటే నడిపితే ఎంత టర్నోవరైనా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ఫ్రాంచైజీ అయితే రాయల్టీ మీద 18 శాతం ఉంటుంది. లక్షకు 18,000. మీ ప్రీ స్కూల్ ఫీజు మీద పన్ను లేదు కాబట్టి ఆ 18,000కు క్రెడిట్ (కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గింపు) రాదు, అది ఖర్చే. ఫ్రాంచైజీ తీసుకునే ముందు ఈ అంకె వేసుకోనివాళ్లు మొదటి ఏడాదే ఇబ్బంది పడతారు.

మిర్యాలగూడ_కిడ్స్
తల్లిదండ్రులకు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఏమేం ఉండాలి? మేమే సరిగా ఇస్తే వాళ్లు రెండోసారి తిరగక్కర్లేదు.

పిల్లలమర్రి_ఆడిటర్
చాలా మంచి ప్రశ్న సార్, అన్ని స్కూళ్లూ ఇలా ఆలోచిస్తే బాగుండు. సంస్థ పేరు, చిరునామా, పాన్. బిడ్డ పేరు, తరగతి, విద్యా సంవత్సరం. ఫీజు చెల్లించినవారి పేరు. ఒక్కో చెల్లింపుకు రసీదు నంబరు, తేదీ, నగదా యూపీఐనా. ట్యూషన్ ఫీజు ఒక వరుసలో, మిగతావి ఒక్కోటి ఒక్కో వరుసలో. "వార్షిక ఫీజు 52,000" అని ఒక్క గీతలో రాస్తే తల్లిదండ్రులకు ఒక్క రూపాయి కూడా నిరూపించుకునే వీలుండదు. డే కేర్ రసీదు పుస్తకం వేరుగా పెట్టండి, అది మీ జీఎస్టీకి కూడా మంచిది. సంతకం, ముద్ర. సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చికి ఇవ్వండి, జూన్ నుంచి కాదు.

గుర్తింపు నంబరు ఉంటే రాయండి. లేకపోయినా "గుర్తింపు పొందిన" అనే మాట 80సీలో లేదు.

దేవరకొండ_టీచర్
డీడీఓ దగ్గర ఫిబ్రవరిలోనే లెక్క ముగిసింది, ఫీజు కలపలేదు. ఫారం 16లో (ఆఫీసు ఇచ్చే జీతం, పన్ను సర్టిఫికెట్) లేకపోతే ఇంక పోయినట్టేనా?

మూసీ_కాలువ
పోలేదు మేడం. ఫారం 12బీబీల (ఆఫీసుకిచ్చే మినహాయింపుల పట్టిక) ఇవ్వకున్నా ఐటీఆర్‌ల చూపొచ్చు, ఎక్కువ కోత పడ్డది రిఫండ్‌గ వస్తది. సీపీఎస్ 50,000 ముక్క కూడా అప్పుడే సరిచేసుకోన్రి. ఒక్కటి మాత్రం మరవొద్దు: పాత విధానం కావాలంటే రిటర్న్ గడువు తేదీ లోపలనే వెయ్యాలె. గడువు దాటితే కొత్త విధానమే పడ్తది, 80సీ, హోంలోన్ వడ్డీ అన్నీ ఒకేసారి పోతయి. ఇంట్ల ఎవరికన్నా వ్యాపార ఆదాయం ఉంటే వాళ్లు గదే గడువుల ఫారం 10-ఐఈఏ (పాత విధానం ఎంచుకునే ఫారం) కూడా వెయ్యాలె. జీతం ఒక్కటే ఉన్న మీకు అది అక్కర్లేదు, రిటర్న్‌లనే టిక్కు పెడ్తె చాలు.

దేవరకొండ_టీచర్
సరే సార్. ఫీజు 30,000 80సీలో, సీపీఎస్ 50,000 (1బీ)లో, మిగిలిన 34,000 80సీసీడీ(1)లో. డే కేర్ చీటీలు పక్కకు. స్కూలు నుంచి ఏప్రిల్-మార్చి సర్టిఫికెట్ రేపే అడుగుత.